జనరల్ మేనేజరు గారి సైకిలు

మా సంస్థ పేరు కొండవాలు ప్రాంతాల అభివృద్ధి సంస్థ. ఆఫీసు మాత్రం ఉత్తరాంధ్రలో ఒక జిల్లా కేంద్రంలో, బస్టాండు వెనకాల పల్లంలో ఉంటుంది. గట్టి వాన పడితే మెట్లదాకా నీళ్ళొస్తాయి. నేనిక్కడ ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్ సూపరింటెండెంటుని, పేరు సన్యాసిరావు. నా సర్వీసులో మేం ఒక్క కొండనైనా అభివృద్ధి చేసిన పాపాన పోలేదు. కొండలు కూడా ఏమీ అనుకున్నట్టు లేవు.

ఇంత సుఖమైన కాపురంలోకి సైకిలొచ్చి పడింది.

హెడ్డాఫీసులో కొత్తగా చేరిన మేనేజింగ్ డైరెక్టరు గారికి సైకిలు పిచ్చి. పిచ్చి అనకూడదట, దార్శనికత అనాలట. ఆయన పంపిన సర్క్యులర్ ఇలా మొదలైంది: "కొండవాలు సంస్థ ఉద్యోగి కొండవాలును స్వయముగా అనుభవించని పక్షమున సంస్థ లక్ష్యసాధన కుంటుపడునని గుర్తించడమైనది. కావున సిబ్బంది యావన్మందీ ప్రతి ఆదివారము ఉదయము సామూహిక సైకిల్ యాత్రలో విధిగా పాల్గొని, ఫిబ్రవరి నెలాఖరున బూరుగుకొండపై జరుగు పర్వత సైకిల్ పందెమునకు సన్నద్ధులు కావలెను. సామూహిక యాత్రయందు ముందుకు పోవుట క్రమశిక్షణారాహిత్యముగను, వెనుకబడుట విధి నిర్లక్ష్యముగను పరిగణించబడును."

ముందుకీ పోకూడదు, వెనక్కీ పోకూడదు. ఇన్నాళ్ళూ మేం ఆఫీసులో చేసేది అదే కనక, అందులో నాకేమీ కష్టం కనబడలేదు.

అసలు కష్టం చివరి పేరాలో ఉంది. ఔట్‌సోర్సింగ్ సిబ్బంది సేవలు మార్చి ముప్పై ఒకటితో ముగుస్తాయి, ఇక పునరుద్ధరణ లేదు. అయితే పర్వత పందెంలో మొదటి పది స్థానాల్లో నిలిచినవారిని 'ప్రత్యేక ప్రతిభా కోటా' కింద పర్మనెంటు చేయవచ్చు. అదీ సంగతి.

మా ఆఫీసులో అలాంటి మనిషి ఒక్కతే ఉంది, కంప్యూటర్ ఆపరేటరు ఈశ్వరి. ప్రతి మార్చి ముప్పై ఒకటిన ఆమె ఉద్యోగం పోతుంది, ఏప్రిల్ రెండున మళ్ళీ వస్తుంది. నడుమ ఏప్రిల్ ఒకటిన ఆమె ఎవరో మాకు తెలియదు. ఆ రోజు కూడా వచ్చి పని చేసి వెళ్తుంది, అది వేరే విషయం. మొగుడు పనిచేసే జూట్ మిల్లు మూతపడ్డాక ఇద్దరు పిల్లలతో ఆ ఇల్లు నడిచేది ఈమె సంపాదన మీదే.

సర్క్యులర్ టైపు చేసింది కూడా ఆమే. చేసి, ప్రింటు తీసుకుని నా టేబులు దగ్గరికొచ్చింది.

"ఇది నిజమేనంటారా సారూ? కొండెక్కితే పర్మనెంటు చేసేస్తారా?"

"చేసేస్తారని లేదమ్మా. 'చేయవచ్చును' అని ఉంది. దాని పొడుగు నీకు తెలీదు."

"మా ఊరు బూరుగుకొండ కిందేనండి. టెన్త్ వరకూ ఆ దార్లోనే సైకిలు మీద స్కూలుకి ఎల్లొచ్చాను. నానెక్కేస్తాను సారూ. మీరు నా పేరు రాయండి, మిగతాది నాను చూసుకుంటాను."

రాశాను. పెన్ను పట్టుకున్నప్పుడు నాకు ధైర్యం ఎక్కువ.

ఇక జనరల్ మేనేజరు భీమశంకరం గారి గురించి చెప్పాలి. మా ఆఫీసుకి ఆయనే పెద్ద. మనిషి కూడా పెద్దే. కుర్చీలో కూర్చున్నాక ఆ కుర్చీ ఏ రంగో ఎవరూ చెప్పలేరు. సంస్థ డబ్బుతో అందరికీ లావు టైర్ల కొండ సైకిళ్ళు వచ్చాయి, ఒక్కోదానికి ఇరవై ఒక్క గేర్లు. ఈశ్వరికి రాలేదు. ఆమె ఏజెన్సీ మనిషి, ఏజెన్సీ వాళ్ళనడగాలన్నారు. ఏజెన్సీ వాళ్ళనడిగితే నవ్వారు. చివరికి ఆవిడ తన పాత లేడీస్ సైకిలే తెచ్చుకుంది.

మొదటి ఆదివారం బయల్దేరే ముందు జీఎం గారు హెల్మెట్ పెట్టుకుని ఉపన్యాసం ఇచ్చారు.

"సామూహిక యాత్ర కార్యాలయ విధుల్లో అంతర్భాగం. విధి నిర్వహణలో కిందిస్థాయి ఉద్యోగి పై అధికారిని అధిగమించడమనే ప్రశ్నే ఉత్పన్నం కాదు. సన్యాసిరావ్, సీనియారిటీ జాబితా తెచ్చారా?"

తెచ్చాను. దాని ప్రకారం నిలబెట్టాం. ముందు జీఎం గారు, వెనకాల అసిస్టెంట్ జనరల్ మేనేజరు కూర్మనాథం, ఆ వెనక నేను, నా వెనక తక్కినవాళ్ళు, వాళ్ళ వెనక ఎవరైనా పడితే ఎత్తడానికి జీపు. జీపు వెనకాల ఈశ్వరి.

"అదేటండీ, ఆ అమ్మాయి పొగ పీల్చుకుంటా రావాలా?" అన్నాడు డ్రైవరు అప్పలకొండ.

"జీపు సంస్థ శాశ్వత ఆస్తి. ఆమె ఇంకా కాదు" అన్నారు జీఎం గారు. మాట పద్ధతిగానే ఉంది, ఏం అనగలం?

గేర్లకి కూడా ఒక పద్ధతి ఏర్పాటు చేశారు. ఎవరికి తోచినట్టు వాళ్ళు గేరు మారిస్తే ఏకరూపత దెబ్బతింటుంది కనక, జీఎం గారు ఎడమచెయ్యి ఎత్తినప్పుడే అందరూ మార్చాలి. ఆయన చెయ్యెత్తితే ఆయన సైకిలు నిలవదు, చెయ్యెత్తకపోతే మాకు గేరు లేదు. అలా మూడో గేరులో, నడిచే మనిషికంటే కొంచెం నెమ్మదిగా రింగురోడ్డు మీద బయల్దేరాం. పాలవాళ్ళు దాటిపోయారు. కొత్తిమీర బళ్ళు దాటిపోయాయి. ఒక గేదె కాసేపు మాతో పాటు నడిచి, విసుగొచ్చి ముందుకెళ్ళిపోయింది. జీఎం గారు వెనక్కి తిరిగి దానికేసీ మాకేసీ చూశారు.

"అది మన శాఖ కాదు సార్" అన్నాడు కూర్మనాథం.

జీపు వెనకాల ఈశ్వరి పెడలు మీద కాలు పెట్టి తీస్తూ, నడిపిస్తూ, ఎక్కుతూ వచ్చింది. తొక్కగలిగిన మనిషిని తొక్కనివ్వకపోవడం ఎంత శిక్షో ఆ రోజు ఆమె మొహంలో చూశాను. నాకైతే మోకాళ్ళ నొప్పి, ఆ వేగం దేవుడిచ్చిన వరంలా ఉంది. ఎవరి బాధ వాళ్ళది.

నెల తిరిగేసరికి హెడ్డాఫీసు నుంచి ప్రశ్న వచ్చింది: "కొండ శిక్షణ ఏ దశలో ఉన్నది?" మేం పల్లంలో ఉన్నాం కదా. బూరుగుకొండ దాకా వెళ్ళి సాధన చేద్దామంటే ప్రయాణ భత్యానికి పద్దు లేదు. పోనీ రైలు గేటు మీద కట్టిన ఓవర్‌బ్రిడ్జి ఎక్కుదామని వెళ్ళాం. అదే మా ఊరికి హిమాలయం. సగం ఎక్కేసరికి జీఎం గారు ఆగారు. ఆయన ఆగితే కూర్మనాథం ఆగాలి, ఆయన ఆగితే నేనాగాలి. మా వెనక జీపు, జీపు వెనక బస్సులు, లారీలు, ఒక పెళ్ళి వ్యాను. పెళ్ళికొడుకు దిగొచ్చి చేతులు జోడించాడు. "ముహూర్తం దాటిపోతంది బాబూ, పక్కనించి ఎల్లిపోతాం" అన్నాడు.

"అధికారిక యాత్రను అధిగమించడానికి వీల్లేదు" అన్నారు జీఎం గారు రొప్పుతూ. ఆ తర్వాత పోలీసులొచ్చారు. ఆ పెళ్ళి జరిగిందో లేదో నాకిప్పటికీ తెలీదు.

అప్పుడు కూర్మనాథం బుర్రలో మెరుపు మెరిసింది. మా ఆఫీసు పక్కన వికలాంగుల చక్రాల కుర్చీల కోసం కట్టిన ర్యాంపు ఉంది. కట్టిన నాటినుంచీ దాని గేటుకి తాళం. కుర్చీల్లో వచ్చేవాళ్ళని అటెండర్లు మెట్లమీంచి మోసుకొస్తారు. "ర్యాంపు పాడవకుండా" అని తాళం వేశారు. ఆ తాళం తీశారు. "సదరు ర్యాంపును పందెము ముగియువరకు తాత్కాలిక కొండగా ప్రకటించడమైనది" అని ప్రొసీడింగ్స్ కూడా ఇచ్చారు. ఒక్కొక్కరం ఎక్కడం, పైన కూర్మనాథం టిక్కు పెట్టడం, దిగడం. రెండు వారాల్లో మా ఆఫీసు ఎవరెస్టంత ఎత్తు ఎక్కిందని హెడ్డాఫీసుకి రిపోర్టు వెళ్ళింది. మెచ్చుకుంటూ జవాబొచ్చింది. ఆ మధ్యలో కుర్చీలో వచ్చిన ఒక ముసలాయన ర్యాంపు తెరిచి ఉండటం చూసి సంతోషపడితే, "ఇది ఇప్పుడు కొండండీ, మీరు మెట్లమీంచి రండి" అని చెప్పి మోయించారు.

పందెం దగ్గరపడేకొద్దీ జీఎం గారికి నిద్ర పట్టలేదు. బూరుగుకొండ ర్యాంపు కాదు. ఆయనకంటే ముందు ఎవరూ వెళ్ళకూడదు. ఆయనేమో వెళ్ళలేరు. అలాగని ఆయన పందెంలో లేకపోతే హెడ్డాఫీసు ఊరుకోదు. మూడు రోజులు ఆలోచించి మమ్మల్ని గదిలోకి పిలిచారు.

"చూడండి, అధికారి శరీరం ఒకటి, హోదా ఒకటి. నా హోదా నా సైకిలు మీద ఉంటుంది. నా సైకిలు పందెంలో ముందుండాలి. నేను జీపులో శిఖరానికి చేరుకుని గమ్యస్థానం నుంచి పర్యవేక్షిస్తాను. చివరి మలుపు దగ్గర సైకిలును స్వీకరించి, ముగింపు గీతను నేను దాటుతాను. అంతవరకూ దానిని చేరవేయడానికి ఒక మనిషి కావాలి."

"చేరవేసే మనిషి కూడా పందెంలో ఉన్నట్టే కదా సార్?" అన్నాను.

"చేరవేసే మనిషి మనిషి కాదు సన్యాసిరావ్. రవాణా."

ఆ రవాణాకి అందరం ఒకే పేరు అనుకున్నాం. ఈశ్వరిని పిలిచి చెప్పారు. ఆమె తల ఊపి బయటికొచ్చి, నా టేబులు పక్కన స్టూలు మీద కూలబడింది.

"నా సైకిలు మీద ఎల్తే జీపు దాటకూడదు. ఆయన సైకిలు మీద ఎల్తే అందర్నీ దాటొచ్చు, కానీ గీత ముందర దిగిపోవాలి. ఇంకెలగ సారూ పదిలోకి వచ్చేది? కొండ నాకు లెక్కలేదు. ఈ మనుషుల్ని ఎక్కలేకపోతన్నాను."

"కాగితం మీద దారి లేదమ్మా" అన్నాను. పాతికేళ్ళుగా కాగితాలు తిప్పేవాడిని, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? "పందెం పట్టీలో మాత్రం నీ పేరే ఉంది. నెంబరు బిళ్ళ నీ వీపుకే కడతారు. సైకిలు ఎవరిదని అక్కడ ఎవడూ అడగడు."

ఆమె "పిల్లలకి చెప్పేశాను సారూ, అమ్మ ఉద్యోగం ఉండిపోద్దని" అని లేచి వెళ్ళిపోయింది. నాకు చిరాకేసి, ఆ రోజు వచ్చిన సెలవు అర్జీలన్నీ తిప్పికొట్టాను.

పందెం రోజు బూరుగుకొండ కింద తిరనాళ్ళలా ఉంది. ఎక్కడెక్కడి సైకిలు క్లబ్బుల కుర్రాళ్ళో వచ్చారు, ఒంటికి అంటుకుపోయిన బట్టలు, నల్లకళ్ళజోళ్ళు. వాళ్ళ మధ్య మా వాళ్ళు ఇన్‌షర్టు చేసుకుని, మెడలో గుర్తింపు కార్డులు వేసుకుని నిలబడ్డారు. తుపాకీ పేలింది. మా సంస్థ సైకిళ్ళు మొదటి ఎత్తు దగ్గర ఒకదాన్ని ఒకటి చూసుకుని ఆగిపోయాయి. కూర్మనాథం దిగాడు. ఆయన దిగాక నేను తొక్కుతానా? దిగాను. నా వెనక వరసగా అందరూ దిగారు. చెయ్యెత్తి గేరు మార్చమని చెప్పేవాడు లేడు మరి.

ఈశ్వరి దిగలేదు. జీఎం గారి సైకిలుకి ఇరవై ఒక్క గేర్లున్నాయని మా సంస్థలో ఎవరికైనా తెలిసిందంటే ఆ రోజే. చీర మానేసి చుడీదార్ వేసుకుని, చున్నీ నడుముకి బిగించి, రాళ్ళదారిలో పడి కుర్రాళ్ళ మధ్య నుంచి పైకి పోయింది. చెట్ల మాటున కనబడకుండా పోయేదాకా నోరెళ్ళబెట్టి చూశాం.

నేను ఊరుకోలేకపోయాను. కూర్మనాథం సీనియర్ అయినా సరేనని అక్కడే వదిలేసి, తారురోడ్డున పోయే టిఫిను సామాను ఆటో ఎక్కి శిఖరానికి చేరాను. అందుకని ఇక్కణ్ణించి చెప్పేది కళ్ళారా చూసిందే.

శిఖరం మీద ముగింపు గీత. గీతకి ఇవతల పది అడుగుల్లో దారికి అడ్డంగా జీఎం గారు, హెల్మెట్, గ్లౌజులు, మోకాళ్ళకి కట్లు. పక్కన ఫొటోగ్రాఫరు. చెమటతో తడిసినట్టుండాలని అప్పలకొండ చేత మొహం మీద నీళ్ళు చల్లించుకున్నారు.

కుర్రాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గీత దాటుతున్నారు. మైకులో అంకెలు వినబడుతున్నాయి. ఏడోవాడు దాటిన కాసేపటికి మలుపు తిరిగి ఈశ్వరి వచ్చింది. మొహమంతా దుమ్ము, మోచెయ్యి చీరుకుపోయి రక్తం. జీఎం గారు హేండిలు పట్టుకుని ఆపారు.

"శభాష్. ఇక దిగు."

ఆమె రొప్పుతోంది. పక్కనించి ఒకడు దూసుకుపోయాడు. ఎనిమిది.

"సారూ, ఈ పది అడుగులూ నన్ను ఎల్లనివ్వండి. తరవాత మీరు ఎన్నిసార్లయినా దాటుకోండి, ఫొటోలు తీయించుకోండి."

"అధికారి సమక్షంలో అధికారి సైకిలు మీద కూర్చుని మాట్లాడటమే తప్పు. దిగమన్నానా!"

ఇంకొకడు పోయాడు. తొమ్మిది. మలుపులో మరో టోపీ కనబడింది. "ఓలమ్మా, తొక్కీవే!" అని అరిచాడు అప్పలకొండ, పర్మనెంటు ఉద్యోగి అయ్యుండీ. నేనూ ఏదో అరిచాను. ఏమని అరిచానో ఎవరైనా అడిగితే జ్ఞాపకం లేదనే చెబుతాను.

ఈశ్వరి ఒకసారి గీతకేసి చూసింది. "తప్పుకోండి బాబూ!" అంది. అని పెడలు మీద లేచి నిలబడి తొక్కింది. జీఎం గారు హేండిలు వదల్లేదు. వదలకుండా సైకిలుతో పాటు పరిగెత్తారు. ఆ ఒంటితో అంత పరుగు నేను ఊహించలేదు. గీత దాటేసరికి చెయ్యి జారి, ఆమె ముందూ ఆయన వెనకా దాటారు. ఫొటో కూడా అలాగే పడింది. మైకులో "పది, రొంగలి ఈశ్వరి!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు పేపర్లో ఆ ఫొటో కింద "కిందిస్థాయి ఉద్యోగినిని పరుగెత్తి ప్రోత్సహిస్తున్న ఉన్నతాధికారి" అని వేశారు.

సోమవారం జీఎం గారు నన్ను పిలిచారు. బల్లమీద పేపరుంది.

"అధికారిని అధిగమించింది. రుజువు పేపర్లోనే ఉంది. చార్జి మెమో ఇచ్చి సస్పెండ్ చెయ్యండి. హెడ్డాఫీసుకి చర్య కనబడాలి."

"కుదరదు సార్" అన్నాను వినయంగా. "ఆమె మన ఉద్యోగి కాదు. ప్రవర్తనా నియమావళి ఉద్యోగులకే వర్తిస్తుంది. జీపుకి మెమో ఇవ్వలేం కదా, ఇదీ అంతే."

"అయితే తీసెయ్యి!"

"వచ్చే నెలాఖరుకి కాంట్రాక్టు ఎలాగూ ముగుస్తుంది సార్. దాన్ని ముగింపు అంటారు, శిక్ష అనరు. రికార్డులో మీ చర్య కనబడదు. మిమ్మల్ని అందరిముందూ దాటిపోయిన మనిషి మచ్చ లేకుండా ఇంటికెళ్ళినట్టవుతుంది."

జీఎం గారి మెడ ఎర్రబడింది. "దాన్ని శిక్షించాలంటే ఏం చెయ్యాలయ్యా?"

"ముందు ఉద్యోగిని చెయ్యాలి సార్."

ఆయన ఫొటో కనబడకుండా పేపరు తిరగేసి పెట్టారు.

"చెయ్యండి" అన్నారు. "ఆ కోటా ఏదో ఉందిగా. పదో స్థానం వచ్చిందిగా. ఇవాళే చెయ్యండి. వదిలిపెడతానా దాన్ని?"

ఆ రోజు చేసినంత చురుగ్గా నేను ఎప్పుడూ పని చెయ్యలేదు. పొద్దున్న పర్మనెంటు ఉత్తర్వు. మధ్యాహ్నం భోజనాలయ్యాక సస్పెన్షన్ ఉత్తర్వు: "నూతనముగా క్రమబద్ధీకరించబడిన సదరు ఉద్యోగిని తక్షణమే విధుల నుంచి తాత్కాలికముగా తొలగించడమైనది." రెండిటి మీదా జీఎం గారు ఒకే పెన్నుతో సంతకం పెట్టారు, రెండోదాని కింద రెండు గీతలు కూడా గీశారు. ఆ రెండూ టైపు చేసింది ఈశ్వరే. ఆఫీసులో ఇంకెవరికీ టైపు రాదు.

కట్టు కట్టిన మోచెయ్యితో నా టేబులు దగ్గరికొచ్చింది. కళ్ళనిండా నీళ్ళు.

"ఇదేటి సారూ ఇది? పర్మనెంటయినందుకు నవ్వాలా, సస్పెండయినందుకు ఏడవాలా?"

"ముందు కూర్చో. సస్పెన్షన్‌లో ఉన్న పర్మనెంటు ఉద్యోగికి సగం జీతం వస్తుంది. ఆ సగం ఏజెన్సీ వాళ్ళు నీకిచ్చే మొత్తం జీతం కంటే ఎక్కువ."

ఆమె నమ్మలేదు. పేస్కేలు పుస్తకం తెచ్చి చూపించాను. చూసింది, మళ్ళీ చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నేను అడగలేదు.

"మరి విచారణలో తీసేస్తేనండి?"

"విచారణాధికారిని నేనే. ముందు ఆ పది అడుగులూ నిజంగా పది అడుగులేనా అని కొలవాలి. కొలవడానికి కొండకి వెళ్ళాలి. వెళ్ళడానికి భత్యం మంజూరు కావాలి. దానికి పద్దు లేదని నీకు తెలుసుగా. నాకేం తొందరమ్మా?"

"నాను ఏటి చెయ్యాలి అంతవరకూ?"

"ఏమీ చెయ్యకూడదు. అది ఉత్తర్వు. ఆదివారం యాత్రకి కూడా రాకూడదు."

రాకూడదంటే మాతో రాకూడదని. రోడ్డు మీదికి రాకూడదని ఏ ఉత్తర్వులోనూ లేదు. తర్వాతి ఆదివారం మేం యథాప్రకారం మూడో గేరులో రింగురోడ్డు మీద పోతున్నాం. ముందు జీఎం గారు, ఆ వెనక కూర్మనాథం, ఆ వెనక నేను. జీపు వెనకాల ఎవరూ లేరు. ఆ చోటు ఖాళీగా ఉంచమని ఆర్డరు.

వెనకనించి పాత లేడీస్ సైకిలు గంట వినబడింది. చిన్నపిల్లని ముందు బిగించిన చిన్న సీటు మీద, పెద్దవాణ్ణి వెనక కేరేజీ మీద కూర్చోబెట్టుకుని ఈశ్వరి జీపుని దాటింది, స్టాఫుని దాటింది, నన్ను దాటుతూ "నమస్తే సారూ" అంది.

"సన్యాసిరావ్!" అని అరిచారు జీఎం గారు. "మళ్ళీ అధిగమిస్తోంది! రాసుకోండి!"

"సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళు విధుల్లో లేనట్టు సార్. రూలు వర్తించదు."

"అయితే సస్పెన్షన్ ఎత్తెయ్యండి!"

"ఎత్తేస్తే పూర్తి జీతం సార్."

ఆయన ఏదో అనబోయారు. ఈలోగా ఆ గంట ఆయన వెనకాలే మోగింది. అలవాటున ఆయన ఎడమచెయ్యి ఎత్తారు. మేమందరం గేరు మార్చాం. ఆమె మళ్ళీ గంట కొట్టింది, జనరల్ మేనేజరు గారు పక్కకి తప్పుకుని దారిచ్చారు.